పొరుగును బట్టి మారే వెలుగు!

దుకాణంలో నిగనిగలాడిన ఎర్రచీర ఇంటికొచ్చాక ఎల్‌ఈడీ బల్బు కింద ఎందుకు వెలవెలబోతుంది? తప్పు చీరది కాదు, కంటిది అంతకన్నా కాదు. బల్బు ఇచ్చే తెలుపులోనే ఓ లోటుంది. ఆ లోటును పూడ్చడానికి ప్రపంచవ్యాప్తంగా శాస్త్రవేత్తలు కుస్తీ పడుతున్న పదార్థాల్లో ఒకటి... కడుపులో పుండుకు డాక్టర్లు రాసే మాత్రల్లో ఉండే లోహం. పేరు బిస్మత్. ఉన్నచోటును బట్టి రంగు మార్చడం దాని ప్రత్యేకత!

అనకాపల్లి బెల్లం మార్కెట్లో సరుకుకు ముందుగా ధర కట్టేది నాలుక కాదు, కన్ను. వరసగా పేర్చిన దిమ్మల మధ్య నడుస్తూ వ్యాపారి మొదట చూసేది రంగే. బంగారు ఛాయలో మెరిసే దిమ్మకు ఒక ధర, ఎరుపు తిరిగినదానికి ఒక ధర, నల్లబడితే ఇంకా తక్కువ. చెరకు అదే, గానుగ అదే, రైతు పడ్డ కష్టమూ అదే. అయినా పాకంలో కాస్త ఛాయ మారిందంటే చేతికొచ్చే డబ్బు మారిపోతుంది. ఆ రంగు కోసమే కొందరు రసంలో హైడ్రోస్ కలిపి బెల్లాన్ని తెల్లబరుస్తుంటారు. ఆరోగ్యానికి అది మంచిది కాదని ఎందరు చెప్పినా కంటికి నచ్చిందే అమ్ముడుపోతుంది మరి!

ఇప్పుడు అదే దిమ్మను రాత్రిపూట పాతకాలపు సోడియం వీధి దీపం కిందికి తీసుకెళ్లామనుకోండి. బంగారు బెల్లమూ నల్లబెల్లమూ పక్కపక్కన పెడితే ఒకటి కాస్త లేత, ఇంకొకటి కాస్త ముదురు... అంతే తేడా తెలుస్తుంది. ఆకుపచ్చ చొక్కా, నీలం చొక్కా రెండూ మట్టిరంగులోకి దిగిపోతాయి. ఆ దీపం ఇచ్చే కాంతిలో దాదాపు అంతా పసుపే. లేని రంగును ఏ వస్తువైనా ఎక్కణ్నుంచి తెచ్చి చూపిస్తుంది?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను అతలాకుతలం చేశాక, నగరంలో దాదాపు 90 వేల వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చారు. ఆ తర్వాత 2015లో మొదలైన ఉజాలా పథకంతో ఎల్‌ఈడీ బల్బులు ఇళ్లలోకీ వచ్చేశాయి. 2014 మొదట్లో ప్రభుత్వ సంస్థ ఒక్కో బల్బును 310 రూపాయలకు కొంటే, మూడేళ్లు తిరక్కుండానే అది 38 రూపాయలకు దిగింది. కరెంటు బిల్లు తగ్గింది, వీధి వెలిగింది, ఆకుపచ్చ చొక్కా మళ్లీ ఆకుపచ్చగా కనిపించింది. ఇంతవరకూ అంతా బాగానే ఉంది. కానీ...

ఎరుపు ఎక్కడికి పోయింది?

ఇంట్లో పనికిరాని సీడీ ఉంటే తీయండి. ఓ పాత ఫిలమెంటు బల్బు వెలుతురు దాని మీద పడేలా పట్టుకుని కాస్త ఏటవాలుగా చూడండి. ఊదా నుంచి ఎరుపు దాకా ఇంద్రధనుస్సు ఎక్కడా తెగకుండా కనిపిస్తుంది. అలాగే ఎల్‌ఈడీ బల్బు కింద పట్టుకోండి. నీలం గుచ్చుకునేంతగా మెరుస్తుంది. దాని పక్కనే చిన్న చీకటి సందు. తర్వాత ఆకుపచ్చ, పసుపు పుష్కలం. ఎరుపు దగ్గరికొచ్చేసరికి వెలుగు మందగిస్తుంది.

కారణం తెలియాలంటే బల్బు టోపీ ఊడదీసి చూడాలి. (వెలుగుతున్నప్పుడు కాదండోయ్, పాడైపోయినదే తీయండి!) లోపల పలక మీద చిన్నచిన్న పసుపు బిళ్లలు కనిపిస్తాయి. తెల్లగా వెలిగే బల్బులో పసుపు బిళ్లలేంటి అని పిల్లలు అడుగుతుంటారు. అసలు రహస్యం అక్కడే ఉంది.

తెల్లని కాంతినిచ్చే ఎల్‌ఈడీ చిప్పు అంటూ నిజానికి ఏదీ లేదు. చిప్పు ఇచ్చేది నీలం కాంతి. ఆ నీలాన్ని ప్రకాశవంతంగా రప్పించడానికే శాస్త్రవేత్తలకు దశాబ్దాలు పట్టింది. జపాన్‌లోని నిచియా కంపెనీలో పనిచేస్తున్న షుజీ నకమురా 1993లో దాన్ని సాధించాడు. ఆ రంగంలో అంతకుముందే కృషి చేసిన ఇసాము అకసాకి, హిరోషి అమానోలతో కలిపి 2014లో ఆయనకు భౌతికశాస్త్ర నోబెల్ ఇచ్చారు. నీలం చిప్పు మీద పసుపు కాంతినిచ్చే పొడిని పూసి, తెల్లని ఎల్‌ఈడీని 1996లో అదే కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. నీలంలో కొంత పొడిని దాటుకుని బయటికి వస్తుంది, మిగతాది పొడిలో పడి పసుపుగా మారుతుంది. రెండూ కలిసి కంటికి తెల్లగా కనిపిస్తాయి.

ఆ పొడినే ఫాస్ఫర్ అంటారు. పేరు చూసి భాస్వరం అనుకునేరు, దానికీ దీనికీ సంబంధం లేదు. ఒక రకం కాంతిని మింగి మరో రకం కాంతిని బయటికి వదిలే పదార్థం ఏదైనా ఫాస్ఫరే. బల్బులో ఉండేది ఇట్రియం, అల్యూమినియం కలిసిన ఓ గట్టి ఆక్సైడ్. అందులో చిటికెడు సీరియం. పాలలో తోడు వేసినట్టు! పాలు ఎన్నైనా, పెరుగయ్యేది ఆ చుక్క తోడు వల్లే కదా. ఇక్కడ వెలుగునిచ్చేది ఆ చిటికెడు సీరియమే.

అయితే సీరియం పసుపులో ఎరుపు పాలు తక్కువ. అందుకే మామూలు ఎల్‌ఈడీ కింద కుంకుమ చిన్నబోతుంది, వంకాయ కూర బూడిదరంగు తిరుగుతుంది, మనుషుల ముఖాలు పాలిపోయినట్టుంటాయి. వస్తువుల రంగులను ఓ దీపం ఎంత నిజాయతీగా చూపిస్తుందో చెప్పడానికి సీఆర్‌ఐ అని ఓ కొలత ఉంది. ఎండకు 100. సోడియం వీధి దీపానికి పాతిక దాటదు. ఇళ్లలో వాడే ఎల్‌ఈడీలకు సాధారణంగా 80. ఎనభై అంటే మంచి మార్కులే కదా అనుకుంటాం. చిక్కేమిటంటే ఆ మార్కులు వేసేది ఎనిమిది లేత రంగుల్ని చూపించి, వాటి సగటు తీసి! నిండు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. దానికి ఆర్‌9 అని విడిగా ఓ పరీక్ష ఉంది. మొత్తానికి 80 తెచ్చుకున్న బల్బు ఎరుపులో సున్నా దగ్గర ఆగిపోవచ్చు. లెక్కల్లో తప్పిన పిల్లాడి సగటు చూపించి పాసయ్యాడన్నట్టే ఇది.

చీరల దుకాణానికి ఇది వ్యాపార సమస్య. ఆపరేషన్ థియేటర్లో అంతకన్నా పెద్ద సమస్య. రక్తం, కండ, నరం... వీటి మధ్య తేడాలన్నీ ఎరుపు ఛాయల్లోనే ఉంటాయి మరి.

పంక్తిలో పక్క విస్తరి

ఎరుపు తక్కువైతే ఎరుపునిచ్చే మరో పొడి కలిపితే సరి! పరిశోధకులూ అదే చేశారు. 2000 దశకం మధ్యలో జపాన్ శాస్త్రవేత్తలు యూరోపియం అనే మూలకాన్ని నైట్రైడ్ స్ఫటికంలో ఇమిడ్చి మంచి ఎర్రని ఫాస్ఫర్ తయారుచేశారు. ‘వార్మ్ వైట్’ పేరుతో వచ్చే కాస్త పసుపు తిరిగిన బల్బుల్లో వాడుతున్నది చాలావరకు ఈ కుటుంబం పొడులనే.

దీనికో దురలవాటుంది. పంక్తిలో కూర్చుని తన విస్తరిలోది చాలక పక్క విస్తరిలోదీ లాక్కునేవాళ్లు ఉంటారే... అలాంటిది. నీలం కాంతిని తినమని పెడితే, పక్కనున్న పొడి ఇచ్చే ఆకుపచ్చ, పసుపు కాంతుల్నీ మింగేస్తుంది. దాంతో కొంత వెలుగు వృథా. రెండు మూడు పొడుల్ని కలిపినప్పుడు ఏది ఎంత కలిపితే ఏ రంగు వస్తుందో లెక్క కట్టడమూ కష్టమవుతుంది.

పక్కవాటి వెలుగును ముట్టుకోనిది, కంటికి కనిపించని అతినీల కాంతిని మాత్రమే తిని, మనకు కావలసిన రంగును ఇచ్చేది ఏదైనా ఉంటే? సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే బిస్మత్ రంగప్రవేశం చేసింది.

అరుగు మీద మనిషి

బిస్మత్‌కు ఈ రంగంలో పాత చరిత్రే ఉంది. జర్మనీలో ఫిలిప్ లెనార్డ్, క్లాట్ కలిసి 1904 ప్రాంతంలో కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం సల్ఫైడ్లలో రాగి, బిస్మత్, మాంగనీసు వంటివి లేశమాత్రం కలిపి అవి ఎలా వెలుగుతాయో వరసగా పరీక్షించారు. వేరే పరిశోధనకు లెనార్డ్ ఆ మరుసటి ఏడాదే నోబెల్ అందుకున్నాడు. బిస్మత్ కలిపిన కాల్షియం సల్ఫైడ్ ఊదా తిరిగిన నీలంగా వెలుగుతుంది. అందులో కాల్షియం తీసేసి స్ట్రాన్షియం పెడితే ఆ వెలుగు ఆకుపచ్చ వైపు జరుగుతుంది. బిస్మత్ మారలేదు, దాని చుట్టూ ఉన్న ఇల్లు మారింది. రంగు మారిపోయింది!

యూరోపియం ఇలా చేయదు. మూడు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న యూరోపియాన్ని ఏ స్ఫటికంలో పెట్టినా ఇంచుమించు ఒకటే ఎరుపు. ఎందుకంటే దానిలో వెలుగునిచ్చే ఎలక్ట్రాన్లు లోపలి గదిలో ఉంటాయి. బయట వరండాలో వేరే ఎలక్ట్రాన్లు కాపలా. వీధిలో ఏం జరిగినా లోపలికి వినపడదు.

బిస్మత్ సంగతి వేరు. దాని వెలుగుకు కారణమైన రెండు ఎలక్ట్రాన్లూ అన్నిటికన్నా బయటి కక్ష్యలో, అరుగు మీద కూర్చుని ఉంటాయి. వీధిలో వెళ్లే ప్రతివాళ్లూ పలకరిస్తారు. చుట్టూ ఉన్న ఆక్సిజన్ పరమాణువులు ఎంత దగ్గరగా ఉన్నాయి, ఎన్ని ఉన్నాయి, వాటి అవతల ఉన్న లోహం ఏది... అన్నీ వాటికి తగులుతాయి. దగ్గరితనం కాస్త మారితే చాలు, వెలుగులోని శక్తి మారుతుంది. శక్తి మారడమంటే రంగు మారడమే. అందుకే బిస్మత్ ఒక స్ఫటికంలో అతినీలంలోనూ, మరోదానిలో నీలంలోనూ, ఇంకోదానిలో పసుపుగానూ, వేరొకదానిలో ఎర్రగానూ వెలుగుతుంది.

ఇదేదో ప్రయోగశాలల్లో మాత్రమే జరిగే వింత అనుకోనక్కర్లేదు. అనకాపల్లి జిల్లాలోనే వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మల ఊరు. సి.వి.రాజు లాంటివాళ్లు పట్టుబట్టి సహజ రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన ఊరు. ఆకులూ బెరళ్లూ గింజల నుంచి రంగు తీసే ఏ కళాకారుణ్ని అడిగినా ఓ మాట చెబుతారు... రంగు ఒక్క మొక్కలోనే ఉండదు, దానికి తోడుగా వేసేదానిలోనూ ఉంటుందని. కలంకారీ సంగతే చూడండి. కరక్కాయకు పటిక తోడైతే పసుపు తిరుగుతుంది. అదే కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో పులియబెట్టి తీసిన ద్రవంతో గీత గీస్తే నల్లగా తేలుతుంది. కరక్కాయ ఒకటే, కలిసిన లోహం వేరు. రంగుల అద్దకంలో జరిగేదీ, ఫాస్ఫర్‌లో జరిగేదీ ఒకటే సూత్రం కాదు గానీ, పొరుగును మార్చి రంగును రాబట్టాలన్న ఉపాయం మాత్రం ఒకటే.

ట్యూనింగ్ ఇలా...

రేడియోలో స్టేషన్ పట్టుకోవడానికి ముల్లు తిప్పినట్టు, బిస్మత్ రంగును కావలసిన చోటికి జరపొచ్చా? జరపొచ్చని 2016లో చైనా, జర్మనీ పరిశోధకులు కలిసి చక్కగా చూపించారు. వాళ్లు ఎంచుకున్న ఇల్లు ఇట్రియం నయోబేట్ అనే స్ఫటికం. అందులో బిస్మత్ నీలంగా వెలిగింది. నయోబియాన్ని కొద్దికొద్దిగా తీసేస్తూ ఆ స్థానంలో వనేడియం పెడుతూ పోయారు. నీలం కాస్తా ఆకుపచ్చ మీదుగా పసుపులోకి నడిచింది. నయోబియం పూర్తిగా పోయాక, ఇప్పుడు ఇట్రియాన్ని తీసి దానికన్నా చిన్నదైన స్కాండియాన్ని పెట్టడం మొదలుపెట్టారు. పసుపు నారింజలోకి, నారింజ ఎరుపులోకి జారింది. వెలిగే మూలకం మొదటి నుంచీ ఒక్కటే... బిస్మత్! కంటికి కనిపించే రంగులన్నిటినీ దాదాపు ఒక్క కుటుంబం పొడులతోనే రాబట్టారన్నమాట. ఈ నమూనాలన్నిటినీ వరసగా పెట్టి అతినీల దీపం వేస్తే హోలీ రంగుల పళ్లెంలా ఉంటుంది.

ఇదొక్కటే దారి కాదు. బిస్మత్‌కు తోడు యూరోపియాన్ని కూడా అదే స్ఫటికంలో పెట్టడం రెండో దారి. అతినీల కాంతిని బిస్మత్ తింటుంది, తిన్నదాంట్లో కొంత తాను నీలంగానో ఆకుపచ్చగానో వదులుతుంది, మిగతాది పక్కనున్న యూరోపియానికి అందిస్తుంది. అది ఎర్రగా వెలుగుతుంది. యూరోపియం పాలు పెంచుకుంటూ పోతే నీలం నుంచి తెలుపు, తెలుపు నుంచి గులాబీ... ఇలా ఛాయ మారుతుంది. మన దేశంలోని విశ్వవిద్యాలయాల్లో కూడా ఈ బాటలో పనిచేసేవాళ్లు చాలామంది.

ఇక మూడో దారి కాస్త మొండిది. సాధారణంగా స్ఫటికాల్లో బిస్మత్ మూడు ఎలక్ట్రాన్లను వదులుకుని ఉంటుంది. కొన్ని ప్రత్యేక స్ఫటికాల్లో రెండు మాత్రమే వదులుకునేలా చేస్తే వెలుగు ఎరుపు వైపు వెళుతుంది. స్ట్రాన్షియం బోరేట్లలో ఇలాంటి బిస్మత్‌ను తెల్లని ఎల్‌ఈడీల కోసం వాడొచ్చని 2009లో పరిశోధకులు ప్రతిపాదించారు. కానీ ఈ రెండో రూపాన్ని నిలబెట్టడం అంత తేలిక కాదు. గాలి తగిలితే మూడో రూపానికి పారిపోవాలని చూస్తుంది. అన్నట్టు, గాజులో కలిపిన బిస్మత్ కంటికి కనిపించని పరారుణ కాంతినీ ఇస్తుంది. జపాన్‌లో 2001లో బయటపడ్డ ఆ గుణం మీద ఆప్టికల్ ఫైబర్ల వాళ్లు వేరే పరిశోధన నడుపుతున్నారు. ఎక్కడ పెడితే అక్కడ ఓ కొత్త వేషం!

కల్వం, కొలిమి, యూరియా

ఇంత కబుర్లు చెప్పుకొన్నాక, ఈ పొడి తయారుచేయడానికి బ్రహ్మాండమైన ఫ్యాక్టరీ కావాలేమో అనిపిస్తుంది. అక్కర్లేదు. ఫాస్ఫర్ పరిశోధన మన విశ్వవిద్యాలయాల్లో ఇంతగా వేళ్లూనుకోవడానికి అదో కారణం. కావలసిన ఆక్సైడ్లను మిల్లీగ్రాముతో సహా తూకం వేయాలి. అగేట్ రాతి కల్వంలో గంటల తరబడి నూరాలి. ఇది మాత్రం ఆయుర్వేద వైద్యుడి పనిలాగే ఉంటుంది, పరిశోధక విద్యార్థుల చేతులు కాయలు కాస్తాయి! ఆ పొడిని అల్యూమినా మూసలో పోసి కొలిమిలో పెట్టాలి. వెయ్యి డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో గంటలకొద్దీ కాల్చి, చల్లార్చి, మళ్లీ నూరాలి. చివరికి గదిలో దీపాలార్పి అతినీల దీపం వేస్తారు. కష్టం ఫలించిందో లేదో ఆ క్షణంలో తెలిసిపోతుంది.

ఇంకో సులువైన పద్ధతి మన దేశంలోనే పుట్టింది. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో కె.సి.పాటిల్, ఆయన విద్యార్థి కింగ్‌స్లీ 1988లో ఓ ప్రయోగాన్ని ప్రచురించారు. అల్యూమినియం నైట్రేట్‌లో యూరియా కలిపి 500 డిగ్రీల కొలిమిలో పెడితే, మిశ్రమం భగ్గున మండి కొద్ది నిమిషాల్లోనే పొంగిన తెల్లని పొడి మిగిలింది. కొలిమి 500 డిగ్రీలే, కానీ మంటలో పుట్టిన వేడి అంతకన్నా ఎంతో ఎక్కువ. చెరకు తోటకు వేసే యూరియానే ఇక్కడ ఇంధనం! తర్వాత ఈ పద్ధతి ఫాస్ఫర్ల తయారీలోకీ వచ్చింది. యూరియాకు బదులు పంచదారను వాడి చేసినవాళ్లూ ఉన్నారు.

మన రాష్ట్రంలో కాంతి పదార్థాల పరిశోధన అనగానే చెప్పుకోవలసింది తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం భౌతికశాస్త్ర విభాగం గురించి. ఎస్.బుద్ధుడు, సి.కె.జయశంకర్, వై.సి.రత్నాకరం లాంటి ఆచార్యులు అరుదైన మూలకాలు కలిపిన గాజుల మీదా, ఫాస్ఫర్ల మీదా దశాబ్దాలపాటు పనిచేశారు. వాళ్ల పని ఎక్కువగా అరుదైన మూలకాలతోనే సాగింది. కానీ ఓ పదార్థం ఏ కాంతిని మింగి ఏ కాంతిని వదులుతుందో కొలిచే విద్య అదే. బిస్మత్‌కైనా, యూరోపియానికైనా కొలబద్ద ఒక్కటే.

బిస్మత్‌తో పనిచేసేవాళ్లకు రెండు తిప్పలు అదనం. ఒకటి, వేడి ఎక్కువైతే బిస్మత్ ఆవిరై ఎగిరిపోతుంది. తూకం వేసినంతా పొడిలో ఉండదు. రెండోది, ఎక్కువ వెలుగు కోసమని ఎక్కువ కలిపితే అసలుకే మోసం. బిస్మత్ పరమాణువులు ఒకదానికొకటి మరీ దగ్గరైతే వెలుగును బయటికి వదలకుండా తమలో తామే పంచుకుని వేడిగా ఖర్చు చేసేస్తాయి. తోడు ఎక్కువైతే పెరుగు పులిసినట్టే!

మరి బల్బులోకి ఎందుకు రాలేదు?

ఇన్ని సుగుణాలుంటే బిస్మత్ బల్బు ఈపాటికి కిరాణా కొట్టుకు వచ్చేయాలి కదా! రాలేదు. పరిశోధనా పత్రాల చివరి పేరాల్లో ‘తెల్లని ఎల్‌ఈడీలకు ఆశాజనకం’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. ఏళ్ల తరబడి అదే మాట చదివితే ఎవరికైనా కాస్త అనుమానం రాకమానదు. అడ్డంకులు చిన్నవేం కాదు.

మొదటిది, బిస్మత్ తిండి. అది ఎక్కువగా తినేది అతినీలం, లేదా అతినీలానికి దగ్గరగా ఉన్న ఊదా. ప్రపంచమంతా చవగ్గా తయారవుతున్నవేమో నీలం చిప్పులు. నీలాన్ని చాలా బిస్మత్ ఫాస్ఫర్లు ముట్టవు. పక్క విస్తరి జోలికి పోకపోవడం ఏ గుణం వల్ల వచ్చిందో, చవక చిప్పుతో కుదరకపోవడమూ ఆ గుణం వల్లే వచ్చింది! ఊదా చిప్పులతో బల్బులు చేయొచ్చని నిరూపించినవాళ్లు లేకపోలేదు. నకమురా మరికొందరితో కలిసి 2008లో అమెరికాలో స్థాపించిన సోరా కంపెనీ అలాంటి దీపాలనే అమ్మింది. వాటి కింద రంగులు బాగా కనిపిస్తాయని పేరు. ధర మాత్రం మనం 38 రూపాయల బల్బుతో పోల్చుకునేది కాదు.

రెండోది లెక్కల వ్యవహారం. 365 నానోమీటర్ల అతినీల కాంతిని తిని 640 నానోమీటర్ల ఎరుపును వదిలితే, తిన్న శక్తిలో దాదాపు 43 శాతం వేడిగా పోతుంది. అదే 450 నానోమీటర్ల నీలం నుంచి ఆ ఎరుపుకు వస్తే పోయేది 30 శాతమే. పొడి ఎంత గొప్పదైనా ప్రకృతి వసూలు చేసే ఈ సుంకం తప్పదు.

మూడోది వేడి. పనిచేస్తున్న ఎల్‌ఈడీ లోపల వంద డిగ్రీలు దాటడం మామూలే. అందుకే ఫాస్ఫర్లను 150 డిగ్రీల దగ్గర పెట్టి పరీక్షిస్తారు. సీరియం పసుపు ఆ వేడిని బాగానే తట్టుకుంటుంది. బిస్మత్ పొడుల్లో చాలా వాటి వెలుగు అక్కడికి వచ్చేసరికి బాగా తగ్గిపోతుంది. పైగా వేడికి కొన్నింటి రంగు కూడా జరుగుతుంది. చుట్టూ ఉన్న పరమాణువులు వేడికి ఊగుతుంటే అరుగు మీది మనిషికి ఆ కుదుపు తగలకుండా ఉంటుందా? రంగు మార్చగల గుణమే రంగు నిలబడకపోవడానికీ కారణం. ఇప్పుడు ప్రయోగశాలల్లో జరుగుతున్న పనిలో ఎక్కువ భాగం దీని చుట్టూనే... గట్టి ఇల్లు, ఊగని ఇల్లు వెతకడం.

అచ్యుతాపురం చెప్పే సంగతి

బిస్మత్ గురించి రాసే ప్రతివాళ్లూ చెప్పే మరో కారణం ‘అరుదైన మూలకాల కొరత’. సీరియం, యూరోపియం, ఇట్రియం లాంటివాటిని రేర్ ఎర్త్స్ అంటారు. శుద్ధి చేయడంలో చైనాదే పైచేయి. వీటి విలువ ఎంతో అనకాపల్లి జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అచ్యుతాపురం దగ్గర బాబా అణు పరిశోధన కేంద్రం ఆవరణలో ఐఆర్‌ఈఎల్ సంస్థ కట్టిన రేర్ ఎర్త్ అయస్కాంతాల కర్మాగారాన్ని 2023 మే 11న జాతికి అంకితం చేశారు. అక్కడ చేసేవి సమేరియం, కోబాల్ట్ కలిసిన అయస్కాంతాలు. అరుదైన మూలకాలకు ముడిసరుకైన మోనజైట్ నిల్వలు దేశంలోకెల్లా ఆంధ్రప్రదేశ్ తీరపు ఇసుకలోనే ఎక్కువని అణుశక్తి విభాగం లెక్కలు చెబుతున్నాయి. అయితే మన మోనజైట్‌లో సీరియం, లాంథనం పుష్కలం. యూరోపియం, ఇట్రియం మాత్రం అతి స్వల్పం.

మరి బిస్మత్ వాడితే చైనా బెడద తప్పుతుందా? ఇక్కడే కథ అడ్డం తిరిగింది. బిస్మత్‌కు ప్రత్యేకంగా గనులు ఉండటం అరుదు. సీసం, టంగ్‌స్టన్ లాంటివి శుద్ధి చేసేటప్పుడు పక్కన వచ్చే సరుకది. అందులోనూ చైనాదే సింహభాగం. 2025 ఫిబ్రవరిలో చైనా ఎగుమతి ఆంక్షలు పెట్టిన ఐదు లోహాల్లో బిస్మత్ ఉంది! రెండు నెలలు తిరిగేసరికి, ఏప్రిల్‌లో ఏడు అరుదైన మూలకాల మీదా ఆంక్షలు వచ్చాయి. వాటిలో ఇట్రియం, స్కాండియం రెండూ ఉన్నాయి. అంటే 2016లో రంగులన్నీ చూపించిన ఆ అందమైన స్ఫటికానికి తోడూ కరవే, పాలూ కరవే. మన కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రకటించిన 30 కీలక ఖనిజాల జాబితాలోనూ బిస్మత్ చేరింది.

నిజం చెప్పాలంటే, ఈ కొరత వాదన దీపాల విషయంలో కాస్త అతిగానే వినిపిస్తోంది. ఎల్‌ఈడీ బల్బులో ఫాస్ఫర్ వాడకం అతి తక్కువ. ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్‌ల గోడలకు లోపలంతా పూసిన రోజులతో పోలిస్తే యూరోపియం అవసరం తగ్గిందే కానీ పెరగలేదు. బిస్మత్ వెనక పడటానికి అసలైన కారణం వెలుగు నాణ్యతే. పక్క రంగుల్ని మింగకుండా, విశాలంగా పరుచుకున్న ఎరుపు కావాలి. దాన్ని మనకు నచ్చినచోటికి జరుపుకునే వీలుండాలి. ఆ రెండూ బిస్మత్‌లో ఉన్నాయి. వేడికి తట్టుకునే ఇల్లూ, చవకైన ఊదా చిప్పూ... ఈ రెండే ఇంకా కుదరాలి. వాటిలో మొదటిది ఏ విశ్వవిద్యాలయం కొలిమిలోంచైనా రావచ్చు. రెండోదానికి పెద్ద కంపెనీలు డబ్బు పెట్టాలి.

బిస్మత్... కొన్ని విశేషాలు

* ఆవర్తన పట్టికలో సీసం పక్కిల్లు దీనిదే (పరమాణు సంఖ్య 83). సీసం విషం, బిస్మత్ మాత్రం కడుపులో పుండ్లకు మందు!

* గోళ్ల రంగుల్లో, ముఖానికి పూసుకునే పౌడర్లలో ముత్యంలా మెరిసేందుకు వాడే వాటిలో బిస్మత్ ఆక్సీక్లోరైడ్ ఒకటి.

* నీళ్లు గడ్డకడితే వ్యాకోచించినట్టు, కరిగిన బిస్మత్ కూడా గడ్డకడితే వ్యాకోచిస్తుంది. లోహాల్లో ఈ గుణం అరుదు.

* దీన్ని స్థిరమైన మూలకమనే చాలాకాలం అనుకున్నారు. ఇదీ క్షీణిస్తుందని 2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. కాకపోతే సగం తరగడానికి విశ్వం వయసుకు వందకోట్ల రెట్లకు పైనే పడుతుంది. కంగారేం లేదు!

బల్బు కొనేముందు...

బిస్మత్ వచ్చేదాకా ఎరుపు కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు. డబ్బా మీద వాట్లు, ధర చూసి ఊరుకోకుండా సీఆర్‌ఐ ఎంతో చూడండి. 90 అని ఉంటే ధర కాస్త ఎక్కువైనా వంటగదికీ, అద్దం దగ్గరికీ అదే తీసుకోండి. కొన్ని కంపెనీలు ఆర్‌9 కూడా రాస్తాయి, ఎంత ఎక్కువుంటే అంత మంచిది. మనవాళ్లకు 6500 కెల్విన్ల ‘కూల్ డేలైట్’ మీద మోజెక్కువ. తెల్లగా మెరిసిపోతుంటే వెలుగు ఎక్కువన్న భ్రమ! పడకగదికి మాత్రం 3000 కెల్విన్ల లోపువి మేలు. వీధి దీపాలకు కూడా 3000 దాటొద్దని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 2016లోనే సూచించింది.

డబ్బా మీద ఏమీ రాసి లేకపోతే? షాపతన్ని బల్బు వెలిగించమని అడగండి. మీ అరచేతిని దాని కింద పెట్టి చూడండి, పక్కనే గుమ్మం దగ్గర ఎండలోనూ చూడండి. రెండుచోట్లా ఒకే ఎరుపు కనిపిస్తే డబ్బులిచ్చేయండి. బల్బు కింద చెయ్యి పాలిపోయినట్టుంటే ఇంకో కంపెనీది తీయమనండి.